పదబంధాల వెతుకులాట నెమ్మదిస్తే టోకెనైజేషన్‌లో ఏం మార్చాలి

మీరు రాసినదాన్ని బట్టి మీ దగ్గర సుమారు పది లక్షల డాక్యుమెంట్లు ఉన్నాయి, వెతికే ఇంజన్ లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ ఆధారితం. ఒక్క మాట వెతికితే రెప్పపాటులో ఫలితాలు వస్తున్నాయి. కొటేషన్ గుర్తుల మధ్య “ఆ రోజు నుంచి ఈ రోజు వరకు” వంటి పదబంధం పెడితే మాత్రం సెకన్ల కొద్దీ ఆగవలసి వస్తోంది. స్టాప్ వర్డ్స్ (ఆ, ఈ వంటి అతి సాధారణమైన మాటలు) తీసేయమని ఒకరు, పక్కపక్క మాటలన్నిటినీ జంటలుగా ఇండెక్స్ (వెతకడానికి కట్టే సూచిక) చేయమని మరొకరు సలహా ఇచ్చారు. ఏది మేలు, ఇండెక్స్ ఎంత పెరుగుతుంది అన్నవి మీ ప్రశ్నలు.

నా జవాబు ముందే చెబుతాను. స్టాప్ వర్డ్స్ తీయకండి. మాటలన్నిటినీ జంటలు చేయకండి. తరచుగా వచ్చే మాటలు ఉన్నచోట మాత్రమే జంట టోకెన్లు వేయండి. (టోకెన్ అంటే ఇండెక్స్‌లో ఒక్క ముక్కగా చేరేది, పాఠాన్ని అలా ముక్కలు చేయడమే టోకెనైజేషన్.) ఆ జంటలు ఎంత విరివిగా వేయాలన్నది మీ డాక్యుమెంట్ల పొడవు తేల్చాలి. ఈ చివరి మాట చాలామంది పట్టించుకోరు. ఖర్చులో తేడా అంతా అక్కడే వస్తుంది కాబట్టి ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు ఇంజన్ లోపల జరిగేది చూద్దాం. ప్రతి మాటకూ ఒక పోస్టింగ్ జాబితా ఉంటుంది: ఆ మాట ఏయే డాక్యుమెంట్లలో ఉంది, ఒక్కోదానిలో ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నో స్థానంలో వచ్చింది. ఒక్క మాట వెతికినప్పుడు స్థానాల జోలికి పోనవసరం లేదు. డాక్యుమెంట్ల జాబితా, ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క చాలు. పదబంధానికి అది చాలదు. అన్ని మాటలూ ఉన్న డాక్యుమెంట్లను ముందు ఏరాలి. ఆ తర్వాత ఒక్కో డాక్యుమెంట్‌లో ఒక్కో మాట స్థానాలను చదివి, అవి వరుసగా ఉన్నాయో లేదో సరిచూడాలి. లూసీన్ ఈ స్థానాలను బ్లాకులుగా, ఒకదానికీ మరొకదానికీ మధ్య తేడాల రూపంలో కుదించి దాస్తుంది. చదవాలంటే వాటిని విప్పాలి. సెకన్లు కరిగిపోయేది ఈ విప్పడంలోనూ, వాటిని డిస్కు నుంచి తేవడంలోనూ.

పదబంధంలో ఒక్క అరుదైన మాట ఉన్నా ఇంజన్‌కు పని తేలిక. అరుదైన మాట జాబితాతో మొదలుపెడుతుంది కాబట్టి, వేలల్లో ఉన్న ఆ డాక్యుమెంట్లను మాత్రమే మిగతా మాటలతో పోల్చి చూస్తుంది. మీ ఉదాహరణలో అలాంటి మాట ఒక్కటీ లేదు. ఆ, రోజు, నుంచి, ఈ, వరకు: అన్నీ నిత్యం వాడేవే.

అంకెల్లో పెట్టి చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు, మీ ఇండెక్స్‌లోనివి వేరుగా ఉంటాయి. పది లక్షల డాక్యుమెంట్లు, ఒక్కోదానిలో సగటున వెయ్యి మాటలు అనుకుంటే మొత్తం 100 కోట్ల స్థానాలు. “ఈ” మొత్తం మాటల్లో 1.5 శాతం, “ఆ” 1 శాతం, “నుంచి” 0.5 శాతం, “రోజు”, “వరకు” చెరి 0.2 శాతం అనుకోండి. అప్పుడు “ఈ” స్థానాలు కోటిన్నర, “ఆ” కోటి, “నుంచి” 50 లక్షలు, మిగతా రెండూ చెరి 20 లక్షలు. అన్నిటికన్నా అరుదైనది కూడా సగటున డాక్యుమెంట్‌కు రెండుసార్లు వస్తోందన్నమాట. అంటే డాక్యుమెంట్లను వడకట్టే మొదటి దశ దాదాపు ఏమీ వడకట్టదు. లక్షల డాక్యుమెంట్లు రెండో దశకు చేరతాయి, ప్రతిదానిలోనూ ఐదు మాటల స్థానాలూ విప్పి చూడాలి. ఇంత శ్రమపడి చివరికి దొరికేవి కొన్ని వందల ఫలితాలే కావచ్చు.

భాష స్వభావమే ఇది. ఏ భాషలోనైనా కొద్దిపాటి మాటలే పాఠంలో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తాయి. 1960ల్లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో తయారైన పది లక్షల మాటల ఇంగ్లీషు పాఠసంచయంలో “ద” ఒక్కటే దాదాపు 7 శాతం. తెలుగులో విభక్తులు చాలావరకు మాటకే అతుక్కుని ఉంటాయి కనుక ఏ ఒక్క మాటకూ అంత వాటా రాదు. అయినా అని, ఆ, ఈ, ఒక, కూడా వంటివి ఉండనే ఉన్నాయి.

స్టాప్ వర్డ్స్ తీసేయడం ఈ కష్టానికి పాతకాలపు మందు. వేగం వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ కొటేషన్ గుర్తులు పెట్టిన మనిషి “నేను రాసినదే కావాలి” అంటున్నాడు. ఆ, ఈ తీసేస్తే “ఆ రోజు” అని అడిగినవారికి “ఈ రోజు”, “ప్రతి రోజు”, “మరో రోజు” అన్నీ ఒకటే అవుతాయి. తీసేసిన మాట స్థానాన్ని ఖాళీగా ఉంచినా, ఆ ఖాళీలో ఏముండేదో ఇంజన్‌కు తెలియదు. మీ పదబంధంలో ఐదు మాటలూ స్టాప్ జాబితాలో ఉంటే వెతకడానికి ఏమీ మిగలదు. వేగం కోసం సరైన జవాబును వదులుకోవడం నాకు ఎప్పుడూ సమ్మతం కాదు. డిస్కు అత్యంత ఖరీదైన రోజుల్లో పుట్టిన ఉపాయం అది. ఇప్పుడు అంతకన్నా మంచి దారులున్నాయి.

ఆ దారుల్లో ముఖ్యమైనదాన్ని మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయంలో హ్యూ విలియమ్స్, జస్టిన్ జోబెల్, వారి సహచరులు 1999 నుంచి 2004 వరకు వరుస పరిశోధన పత్రాల్లో నిర్మించారు. “నెక్స్ట్‌వర్డ్” ఇండెక్స్ అని దానికి పేరు. ఒక మాటకు ఆ మాట జాబితాతోపాటు, దాని వెంటనే వచ్చే మాటల జాబితా కూడా ఉంచుతారు. అన్ని మాటలకూ ఉంచితే ఇండెక్స్ భారీగా పెరుగుతుంది. అందుకని బాగా తరచుగా వచ్చే కొద్ది మాటలకే ఉంచి, మిగతావాటికి మామూలు జాబితాలు వాడవచ్చని చూపారు. ఇప్పుడు మనం వాడుతున్న ఉపాయాల మూలసూత్రం అదే.

జంట చేయడం వల్ల ఏం జరుగుతుందో పై అంకెలతోనే చూడండి. “నుంచి”, “ఈ” ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పాఠంలో చెల్లాచెదురుగా పడ్డాయనుకుంటే, పక్కపక్కన పడే సందర్భాలు 100 కోట్లలో 0.5 శాతంలో 1.5 శాతం, అంటే 75 వేలు. మాటలు అలా యాదృచ్ఛికంగా పడవు, కొన్ని జంటలకు పొత్తు ఎక్కువ. దానికి పది రెట్లు వేసుకున్నా ఏడున్నర లక్షలు. కోటిన్నర, 50 లక్షల జాబితాలు రెండు విప్పవలసిన చోట ఏడున్నర లక్షల జాబితా ఒక్కటి. “ఆ రోజు”, “ఈ రోజు” మాత్రం నిజంగానే పొత్తు ఎక్కువున్న జంటలు, వాటి జాబితాలు పెద్దగానే ఉంటాయి. అయినా నష్టం లేదు. జంటల్లో అన్నిటికన్నా అరుదైనది ముందు నడుస్తుంది, మిగతావి దాని వెనక వస్తాయి.

ఇక అన్ని జంటలూ వేయాలా అన్నది. దీన్ని షింగిల్స్ అంటారు. లూసీన్ మీద కట్టిన సెర్చ్ సర్వర్ ఎలాస్టిక్‌సెర్చ్‌లో టెక్స్ట్ ఫీల్డుకు (డాక్యుమెంట్‌లో పాఠం ఉండే భాగానికి) “ఇండెక్స్ ఫ్రేజెస్” అనే ఐచ్ఛికం ఆన్ చేస్తే రెండేసి మాటల జంటలు వేరే ఉపఫీల్డులో చేరతాయి. రెండు మాటల పదబంధమైతే ఒక్క టోకెన్ వెతికినట్టే, స్థానాలు చూడనక్కరలేదు. ఆ సౌకర్యం గొప్పదే, ఒక్క మీటతో పని అయిపోతుంది. అయితే స్టాప్ వర్డ్స్ తీసేసిన ఫీల్డులో ఇది సరిగా పనికిరాదు. స్టాప్ వర్డ్ ఉన్న పదబంధం వస్తే ఇంజన్ మళ్లీ పాత పద్ధతికే వెళ్తుంది. అంటే మీకు ఎక్కడ అవసరమో అక్కడే సాయం అందదు. రెండో ఇబ్బంది, అరుదైన మాట పక్కన మరో అరుదైన మాట ఉన్న జంటలు. అలాంటివి లెక్కకు మించి ఉంటాయి, ఎక్కువ భాగం మొత్తం సంచయంలో ఒక్కసారే వస్తాయి. నిఘంటువు (ఇండెక్స్‌లోని టోకెన్ల పట్టిక) విపరీతంగా ఉబ్బుతుంది. ఆ జంటల వల్ల వచ్చే లాభం స్వల్పం, ఎందుకంటే అరుదైన మాటలున్న పదబంధాలు ఇప్పటికే వేగంగా వస్తున్నాయి.

కామన్‌గ్రామ్స్ ఈ వృథాను తగ్గిస్తుంది. మొదట నచ్ అనే వెబ్ సెర్చ్ ప్రాజెక్టులో ఉన్న ఈ ఫిల్టర్ (టోకెన్లను మార్చే దశ) తర్వాత సోలార్, లూసీన్‌లలోకి వచ్చింది. ఎలాస్టిక్‌సెర్చ్‌లోనూ ఉంది. దానికి తరచుగా వచ్చే మాటల జాబితా ఇస్తారు. పక్కపక్క మాటల్లో కనీసం ఒకటి ఆ జాబితాలో ఉంటే, విడి మాటలతోపాటు జంటను కూడా అదే స్థానంలో ఇండెక్స్ చేస్తుంది. వెతికేటప్పుడు పనిచేసే రెండో రూపం జంటలో చేరిన విడి మాటలను వదిలేస్తుంది. మీ పదబంధం అప్పుడు ఆ_రోజు, రోజు_నుంచి, నుంచి_ఈ, ఈ_రోజు, రోజు_వరకు అనే ఐదు టోకెన్లు అవుతుంది. కోటిన్నర స్థానాల “ఈ” జాబితాను ఎవరూ తెరవరు. ఈ రెండో రూపాన్ని క్వెరీ (వెతికే ప్రశ్న) వైపు పెట్టడం మరిచిపోతే విడి మాటలు కూడా క్వెరీలో మిగిలిపోతాయి, పెద్ద జాబితాలు మళ్లీ తెరుచుకుంటాయి, ఏ లాభమూ కనబడదు. “కామన్‌గ్రామ్స్ పెట్టాం, తేడా రాలేదు” అని వచ్చే ఫిర్యాదుల్లో నేను మొట్టమొదట చూసేది ఇదే.

కోట్ల పేజీల స్కాన్ పుస్తకాలున్న హాథీట్రస్ట్ డిజిటల్ గ్రంథాలయం తన పూర్తిపాఠ సెర్చ్‌లో అవలంబించిన మార్గం కూడా ఇదే. అక్కడ ఒక్కో డాక్యుమెంట్ ఒక్కో పుస్తకం. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

ఇప్పుడు ఇండెక్స్ పెరుగుదల. మీ జాబితాలోని మాటలన్నీ కలిపి పాఠంలో 40 శాతం ఆక్రమిస్తాయనుకోండి. పక్కపక్క మాటలు రెండూ అరుదైనవి కావడానికి అవకాశం 0.6ను 0.6తో గుణిస్తే వచ్చే 36 శాతం. మిగిలిన 64 శాతం సందర్భాల్లో జంట పడుతుంది. అంటే ప్రతి 100 స్థానాలకూ మరో 64. అన్ని జంటలూ వేసే షింగిల్స్‌లో ఇది 100. స్థానాల విషయంలో ఆదా మీరనుకున్నంత ఉండదు, ఎక్కువ ఆదా నిఘంటువులో వస్తుంది. జాబితాను కుదించి వాటాను 20 శాతానికి తెస్తే 64 కాస్తా 36కు దిగుతుంది.

ఇంకా గట్టిగా తగ్గించే మూడో పద్ధతి ఉంది: రెండు మాటలూ తరచుగా వచ్చేవే అయితేనే జంట వేయడం. 40 శాతం వాటాతో 16 స్థానాలు, 20 శాతంతో 4. ఇంత చవక. స్ఫింక్స్ అనే సెర్చ్ ఇంజన్, దాని నుంచి చీలి వచ్చిన మాంటికోర్‌లలో బైగ్రామ్ ఇండెక్స్ సెట్టింగ్‌కు సరిగ్గా ఈ ఎంపికలున్నాయి: అన్ని జంటలు, మొదటి మాట తరచుది అయిన జంటలు, రెండూ తరచువి అయిన జంటలు. లూసీన్ కామన్‌గ్రామ్స్‌లో ఈ చివరిది లేదు, చిన్న ఫిల్టర్ మీరే రాసుకోవాలి. కష్టమైన పని కాదు.

ఈ చవక పద్ధతి ఎప్పుడు చాలుతుంది? ఇక్కడే డాక్యుమెంట్ పొడవు వస్తుంది. వార్తలు, ఉత్తరాలు, ఉత్పత్తుల వివరణల వంటి పొట్టి డాక్యుమెంట్లలో పదబంధంలో ఒక అరుదైన మాట ఉంటే చాలు. ఆ కొద్ది డాక్యుమెంట్లలో “ఈ” పది పదిహేనుసార్లు ఉంటుంది, విప్పడానికి క్షణం పట్టదు. కాబట్టి అరుదు పక్కన తరచు ఉన్న జంటలు వేయడం దండగ. పుస్తకాలు, తీర్పులు, పెద్ద నివేదికలు ఒక్కొక్కటీ ఒక్కో డాక్యుమెంట్‌గా ఉన్న ఇండెక్స్‌లో పరిస్థితి వేరు. లక్ష మాటల పుస్తకంలో “ఈ” వెయ్యిసార్లకు పైగా ఉండవచ్చు. అరుదైన మాట రెండు వేల పుస్తకాలకు వడకట్టినా, ఒక్కో పుస్తకంలో వేలకు వేలు స్థానాలు విప్పాలి. అక్కడ కనీసం ఒకటి తరచుదైతే జంట వేసే కామన్‌గ్రామ్స్ పెట్టే ఖర్చుకు తగిన ఫలం ఇస్తుంది. హాథీట్రస్ట్‌కు అది నప్పడంలో ఆశ్చర్యం లేదు. మీ డాక్యుమెంట్లు సగటున వెయ్యి మాటలకు అటూ ఇటూ అయితే రెండూ తరచువైన జంటలతో మొదలుపెట్టమంటాను. పెద్ద పుస్తకాలుంటే వాటిని అధ్యాయాలుగా విడగొట్టడం కూడా ఆలోచించండి. జంటలు వేసే అవసరమే కొంత తగ్గుతుంది.

తరచుగా వచ్చే మాటల జాబితాను ఎక్కడి నుంచో దించుకోకండి. మీ ఇండెక్స్ నుంచే తీయండి. తీసేటప్పుడు ఆ మాట ఎన్ని డాక్యుమెంట్లలో ఉంది అన్న లెక్క కాదు, మొత్తం ఎన్నిసార్లు వచ్చింది అన్న లెక్క చూడాలి. స్థానాల జాబితా పొడవు దాని మీదే ఆధారపడుతుంది. న్యాయ సంబంధమైన సంచయంలో “సెక్షన్”, “ప్రకారం” పై వరుసలో ఉంటాయి. “సెక్షన్” వంటివి సాధారణ స్టాప్ జాబితాల్లో కనబడవు, మీ ఇండెక్స్‌లో మాత్రం “ఒక” కన్నా బరువైనవి కావచ్చు. నేనైతే పై నుంచి రెండు మూడు వందల మాటలతో మొదలుపెట్టి, క్వెరీ లాగ్‌లో ఇంకా నెమ్మదిగా ఉన్న పదబంధాలను చూసి చేరుస్తాను. చేర్చిన ప్రతిసారీ మొత్తం ఇండెక్స్ మళ్లీ కట్టాలని మాత్రం గుర్తుంచుకోండి. పాత డాక్యుమెంట్లలో కొత్త జంటలు లేవు. క్వెరీ వైపు జాబితా మార్చి ఇండెక్స్ అలాగే వదిలేస్తే, పాత డాక్యుమెంట్లు ఏ దోష సందేశమూ లేకుండా ఫలితాల నుంచి మాయమవుతాయి. జాబితాకు వెర్షన్ అంకె పెట్టి, అది ఏ ఇండెక్స్‌కు చెందినదో రాసి ఉంచండి.

ఇంకో చిన్న మెరుగు. ఆరు మాటల పదబంధానికి ఐదు జంటలూ సరిచూడనవసరం లేదు. ఆ_రోజు మొదటి స్థానంలో, నుంచి_ఈ మూడో స్థానంలో, రోజు_వరకు ఐదో స్థానంలో ఉంటే ఆరు మాటలూ వరుసగా ఉన్నట్టే. మాటలన్నిటినీ కప్పే జంటల్లో అరుదైనవాటిని ఎంచుకుంటే తెరవవలసిన జాబితాలు ఇంకా తగ్గుతాయి. స్థానాలను మాత్రం వదలకూడదు. జంటలన్నీ డాక్యుమెంట్‌లో ఉన్నాయని సరిపెట్టుకుంటే, మొదటి పేరాలో “ఆ రోజు”, చివరి పేరాలో “రోజు వరకు” ఉన్న డాక్యుమెంట్ కూడా వచ్చేస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా మీ టోకెన్లు సరైన మాటలే అన్న నమ్మకం మీద. తెలుగు పాఠం విషయంలో ఆ నమ్మకాన్ని ముందు పరీక్షించండి. ఈ భాగం మీకు వర్తించకపోవచ్చు, కానీ ఇదే ప్రశ్నతో వచ్చే చాలామందికి అసలు జబ్బు ఇక్కడే ఉంటుంది. కొన్ని టోకెనైజర్లు అక్షరాలను, అంకెలను మాత్రమే మాటలో భాగంగా ఎంచుతాయి. యూనికోడ్ లెక్కలో మన గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు అక్షరాల తరగతిలో లేవు, అవి “మార్క్” తరగతివి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌కు ఎఫ్‌టీఎస్5 అనే పూర్తిపాఠ సెర్చ్ ఉంది, అందులోని డిఫాల్ట్ టోకెనైజర్ అలాంటిదే. దానికి పాలు, పూలు, పులి, పేలు అన్నీ “ప”, “ల” అనే రెండు టోకెన్లు. ఒక్క మాట వెతికినా లోపల అది రెండు టోకెన్ల పదబంధం అవుతుంది. పైగా “ప”, “ల” వంటివి ఇండెక్స్‌లో అత్యంత పొడవైన జాబితాలు. నెమ్మదికి నెమ్మది, తప్పుకు తప్పు. టోకెనైజర్ సెట్టింగ్‌లోని యూనికోడ్ తరగతుల జాబితాలో రెండు రకాల మార్క్‌లనూ చేర్చి ఇండెక్స్ మళ్లీ కడితే ఇది పోతుంది. లూసీన్ స్టాండర్డ్ టోకెనైజర్ యూనికోడ్ మాట సరిహద్దుల నియమాలను పాటిస్తుంది కనుక ఈ బాధ ఉండదు.

లూసీన్‌లోనూ జాగ్రత్త పడవలసినవి రెండున్నాయి. ఒకటి, “సాఫ్ట్‌వేర్” వంటి మాటల మధ్య కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు. ఒకరు అది పెట్టి రాస్తారు, మరొకరు పెట్టరు. చూపుకు దాదాపు ఒకటే, టోకెన్లు మాత్రం వేరు. టోకెనైజర్‌కు ముందే క్యారెక్టర్ ఫిల్టర్‌తో దాన్ని తీసేయండి. రెండోది, ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ, రెండు కోడ్లుగానూ రాయవచ్చు. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (యూనికోడ్ రాతను ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) వాటిని ఒకటి చేస్తుంది. ఇవి వేగానికి నేరుగా సంబంధించినవి కావు, కానీ జంటలు వేశాక దోషం రెట్టింపవుతుంది. ఒక మాట తప్పితే దానికి ఇటూ అటూ ఉన్న రెండు జంటలూ తప్పుతాయి.

“రోజు నుంచి” అని విడిగా రాసేవారూ, “రోజునుంచి” అని కలిపి రాసేవారూ ఉన్నారు కదా, జంట మధ్య గుర్తు లేకుండా కలిపేస్తే రెండూ ఒకే టోకెన్ అవుతాయి అన్న ఆలోచన మీకు రావచ్చు. రెండు మాటల పదబంధానికి అది చక్కగా పనిచేస్తుంది. అంతకన్నా పొడవైనవాటిలో కుదరదు. కలిపి రాసిన మాట ఒకే స్థానం తీసుకుంటుంది కాబట్టి దాని తర్వాతి మాట ఒక అడుగు ముందుకు జరుగుతుంది, వరుస తప్పుతుంది.

పదబంధాల కోసం వాడే ఫీల్డులో స్టెమ్మింగ్ (మాటను మూలరూపానికి కుదించడం) పెట్టకండి. రోజు, రోజులు, రోజుల్లో, రోజుకు అన్నీ ఒకటే చేస్తే ఆ జాబితా అన్నిటి మొత్తమంత పొడవవుతుంది. వేగమూ పోతుంది, కొటేషన్ గుర్తులు కోరిన కచ్చితత్వమూ పోతుంది. స్టెమ్మింగ్ ఉన్న ఫీల్డు మామూలు వెతుకులాటకు, లేనిది పదబంధానికి: రెండు ఫీల్డులు ఉంచడమే మంచిది. సమానార్థకాలను కూడా ఈ రెండో ఫీల్డుకు దూరంగా ఉంచండి. ఒక మాటకు బదులు మూడు మాటల పర్యాయపదం వచ్చి చేరితే స్థానాల లెక్క చెడుతుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవారు ఇది చదువుతుంటే వారికి ఒక మాట. అక్కడి జిన్ ఇండెక్స్‌లో స్థానాలు ఉండవు. మాటలన్నీ ఉన్న వరుసలను (టేబుల్‌లోని రికార్డులను) ఇండెక్స్ ఏరి ఇస్తుంది. మాటల క్రమం సరిచూడటానికి ఒక్కో వరుస తాలూకు మాటలూ స్థానాలూ ఉండే టీఎస్‌వెక్టర్‌ను టేబుల్ నుంచి చదవాలి. తరచు మాటల పదబంధం అక్కడ నత్తనడక నడవడానికి కారణం ఇదే. జంటలను కూడా టీఎస్‌వెక్టర్‌లో ప్రత్యేక పదాలుగా చేర్చితే రెండు మాటల పదబంధం నేరుగా ఇండెక్స్‌లో తేలిపోతుంది. స్థానాలను ఇండెక్స్‌లోనే ఉంచే రమ్ అనే ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది. పొడవైన డాక్యుమెంట్లలో ఇంకో పరిమితి చూసుకోవాలి: టీఎస్‌వెక్టర్‌లో స్థానం 16,383 దాటితే అంకె అక్కడే ఆగిపోతుంది, ఒక పదానికి 256 స్థానాలకు మించి నిలవవు. పుస్తకాన్ని ఒకే వరుసలో పెడితే ఆ హద్దు దాటిన భాగంలోని పదబంధాల జవాబులు నమ్మదగినవి కావు.

జంటలు సాయపడని చోట్లు కూడా చెప్పాలి. “ఈ మాటలు దగ్గరదగ్గరగా ఉంటే చాలు” అనే స్లాప్ ఉన్న క్వెరీలకు జంటలు పనికిరావు, మధ్యలో ఇంకో మాట వస్తే జంటే ఏర్పడదు. వాటిని విడి మాటల ఫీల్డుకే పంపండి. స్కోరు (ఫలితాల వరుసను తేల్చే అంకె) విషయంలో, జంట అరుదైనది కాబట్టి దాని బరువు విడి మాటల బరువుకు భిన్నంగా ఉంటుంది, ఫలితాల వరుస మారుతుంది. ఆ మార్పు ఇష్టం లేకపోతే జంటలను ఫిల్టర్‌గా మాత్రమే వాడి, స్కోరును పాత ఫీల్డు నుంచే తీసుకోండి. అలా తీసుకునేటప్పుడు విడి మాటలుగానే పంపండి, పదబంధంగా పంపితే పాత ఖర్చంతా తిరిగి వస్తుంది.

మార్పుకు ముందూ తర్వాతా కొలవడానికి మీ క్వెరీ లాగ్ నుంచి నిజమైన పదబంధాలు తీసుకోండి, మీరే కల్పించినవి వద్దు. సగటు సమయం చూడకండి. మీ కష్టమంతా నెమ్మదైన కొద్ది శాతం క్వెరీల్లో ఉంది, సగటులో అది మునిగిపోతుంది. 95వ, 99వ పర్సెంటైల్ (100 క్వెరీల్లో 95, 99 ఎంత సమయంలోపు ముగిశాయన్న లెక్క) చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్ కాష్ (డిస్కు నుంచి చదివినవి మెమరీలో ఉంచే చోటు) ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నిండాక ఒకసారి కొలవండి. పెద్ద జాబితాలు మెమరీలో ఉన్నాయా, డిస్కు నుంచి వస్తున్నాయా అన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారుతుంది. చాలాసార్లు జంటల వల్ల వచ్చే అసలైన లాభం, అంత పెద్ద జాబితాలు డిస్కు నుంచి తేవలసిన అవసరం తప్పడమే.

వేగంతోపాటు ఫలితాలనూ పోల్చండి. అదే లాగ్‌ను పాత ఇండెక్స్ మీద, కొత్తదాని మీద నడిపి, ప్రతి పదబంధానికీ వచ్చిన డాక్యుమెంట్ల సమితి అక్షరాలా ఒకటేనా చూడాలి. కచ్చితమైన పదబంధానికి జంటలు జవాబును మార్చకూడదు. ఒక్క డాక్యుమెంట్ తేడా వచ్చినా అది దోషమే. సాధారణంగా అది ఇండెక్స్ వైపూ క్వెరీ వైపూ ఫిల్టర్ల క్రమం వేరుగా ఉండటం వల్లనో, రెండు వైపులా వేర్వేరు జాబితాలు ఉండటం వల్లనో వస్తుంది. కొత్త ఇండెక్స్‌ను పక్కన కట్టి, ఈ పోలిక ముగిశాక ఏలియస్ (ఇండెక్స్‌కు పెట్టిన మారుపేరు) కొత్తదానికి మార్చండి. తేడా వచ్చిన పదబంధాలు, వాటికి అనలైజర్ (పాఠాన్ని టోకెన్లుగా మార్చే భాగం) ఇస్తున్న టోకెన్లు ఇక్కడ రాస్తే ఎక్కడ తప్పిందో చూసి చెబుతాను.